రెండు గడుల కాగితం

మా ఆఫీసులో ఒక మనిషికి ప్రమోషన్ వచ్చిందని తెలిసేది జీతం వల్ల కాదు, కారు వల్ల. జీతం ఎవరికీ కనబడదు. కారు మాత్రం పాత పోస్టాఫీసు రోడ్డు మీద, మా మెట్ల కింద, పోర్టు బొగ్గు దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది. దాన్ని చూసి సెక్యూరిటీ అతను కుర్చీలోంచి లేవాలో అక్కర్లేదో నిర్ణయించుకుంటాడు. మాది ఓడల మీద వచ్చే సరుకుకు కాగితాలు తయారుచేసే కంపెనీ. ఏ ఓడలో ఏం వచ్చింది, ఎవరికి వచ్చింది, ఎంత బరువుంది అన్నది పొద్దుట నుంచి సాయంత్రం దాకా టైపు చేస్తుంటాం. ఓడలు కనబడతాయా అని చుట్టాలు అడుగుతారు. కిటికీలోంచి కనబడేది అవతలి గోదాము గోడ.

నా పేరు పక్కన అసిస్టెంట్ మేనేజర్ అని చేర్చిన రోజున నాకూ ఒక కాగితం ఇచ్చారు. అందులో రెండు గడులు. ఒకదాని పక్కన కంపెనీ కారు అని, రెండోదాని పక్కన కారుకు బదులు ప్రతి నెలా జీతంతో పాటు డబ్బు అని రాసి ఉంది. ఏదో ఒకదానిలో టిక్ పెట్టాలి. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: పదిహేను రోజుల్లోగా కాగితం తిరిగి ఇవ్వనివాళ్ళు కారే ఎంచుకున్నట్టు భావిస్తాం. నోరు విప్పడం చేతకానివాళ్ళను మనసులో పెట్టుకుని రాసినట్టు ఉంది ఆ వాక్యం.

నాకు కారు వద్దు. డబ్బు మీద ఆశతో కాదు. నాకు బస్సు కావాలి.

పెందుర్తిలో బస్సు బయల్దేరే చోటే ఎక్కుతాను కాబట్టి సీటు ఖాయం. ఎడమవైపు మూడోది, కిటికీ పక్కన. గోపాలపట్నం దాకా గతుకులకు అక్షరాలు ఎగురుతాయి. ఎన్ఏడీ జంక్షన్ దాటాక కుదురుకుంటాయి. కంచరపాలెం వచ్చేసరికి నిలబడ్డవాళ్ళ చున్నీలు, సంచులు పేజీ మీద వాలుతుంటాయి, వాటిని పక్కకు జరుపుతూ చదువుతాను. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వెనక బస్సు ఆగిపోతే అందరూ తిట్టుకుంటారు. ఇంకో నాలుగు పేజీలు దొరికాయని నేను లోపల్లోపల సంతోషిస్తాను. వెళ్ళడానికి గంట, రావడానికి గంటన్నర. రోజు మొత్తంలో నేను పుస్తకం చదివేది అప్పుడే. పూర్ణా మార్కెట్ వెనక పాత కాగితాలు కొనే కొట్లో తూకానికి తెచ్చుకున్న పుస్తకాలు, అట్ట కనబడకుండా న్యూస్‌పేపరు చుట్టి చదువుతాను.

ఇంట్లో ఎందుకు చదవకూడదు అంటే, మా ఇల్లు రెండు గదులు. ఒకదానిలో టీవీ ఉంటుంది, రెండోదానిలో టీవీ వినబడుతుంది. పైగా పుస్తకం తెరిచి కూర్చున్న ఆడపిల్ల మా ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి కింద లెక్క. ఖాళీగా ఉన్న మనిషి చేతికి ఉల్లిపాయలు ఇస్తారు.

కారు వస్తే ఆ రెండున్నర గంటలూ పోతాయి. నడుపుతూ చదవలేను. గుమ్మం ముందు కారు పెట్టుకుని బస్టాపుకు నడిచి వెళ్తానంటే మా వీధి ఊరుకోదు. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఆ పదిహేను రోజుల్లో ఆ వాక్యాన్ని డైరీలో రకరకాలుగా రాసుకున్నాను. ఒక్కసారి కూడా నోటితో అనలేదు.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ముందుగా సలహా ఇచ్చినవాడు మా సీనియర్ మేనేజరు. ఆయన ఏ సంభాషణనైనా రెండు నిమిషాల్లో తన కారు డిక్కీ దగ్గరికి తీసుకురాగలడు. ఒకసారి ఒకావిడ తన అత్తగారి మోకాలి ఆపరేషన్ గురించి చెబుతుంటే, చక్రాల కుర్చీ మడత పెడితే తన డిక్కీలో ఎలా పడుతుందో వివరించాడు.

"కారే తీసుకోమ్మా" అన్నాడు పెరుగన్నం కలుపుతూ. "కారు లేకపోతే క్లయింట్ల ముందు మన లెవెల్ ఏం ఉంటుంది? ఆధార్ కార్డు చూపించి ఫ్రీ టికెట్ మీద ఆఫీసుకొచ్చే అసిస్టెంట్ మేనేజర్‌ని నేనెక్కడా చూడలేదు."

అందరూ నవ్వారు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేసినప్పటి నుంచి ఆయనకు ఇదొక జోకు. నేనూ నవ్వాను. నన్ను ఎగతాళి చేసినప్పుడు అందరికంటే ముందు నవ్వేది నేనే. నా స్వభావంలో నాకు బొత్తిగా నచ్చని విషయాల్లో ఇది మొదటిది. నా జీవితంలో నేను మాట్లాడిన క్లయింట్లు ఇద్దరు. ఆ ఇద్దరూ ఫోనులో.

ఇంట్లో చెప్పకుండా దాద్దామని కాగితాన్ని క్యారేజీ సంచిలో పెట్టుకున్నాను. నా తెలివి అంతవరకే. ఆ సంచి రోజూ కడిగేది మా అమ్మ. ఇంగ్లీషు కాగితం ఏది కనబడినా ఆవిడ మా బావకు ఫోన్ చేస్తుంది.

బావ అంటే మా అక్క భర్త. రెండు వీధుల అవతల ఉంటాడు. పెందుర్తి చుట్టుపక్కల వరి మళ్ళు లేఅవుట్లుగా మారుతున్నాయి కదా, ఆ ప్లాట్లను కొనేవాళ్ళకు చూపించడం ఆయన పని. బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్తాడు. భార్యాభర్తలు వస్తే ఒక్కొక్కరిని ఒక్కొక్క ట్రిప్పులో తీసుకెళ్ళాలి. రెండో మనిషి వచ్చేసరికి మొదటి మనిషికి ఆ ప్లాటులోని లోపాలన్నీ కనబడిపోతాయని ఆయన బాధ. అందుకని కాగితం చదవడం పూర్తయ్యేసరికి ఆయన కళ్ళు ఎలా ఉన్నాయో చెప్పక్కర్లేదు.

"ఏటే మరదలా, ఇంత పెద్ద ఇషయం కేరేజీ సంచిలో ఎట్టుకుని తిరగతన్నావా" అన్నాడు నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే.

"ఇంకా ఆలోసించుకోవాల బావా" అన్నాను.

"ఆలోసించడానికేటుంది ఇందులో. డబ్బులిత్తే తినేత్తాం. కారు తినలేం కదా, ఉండిపోద్ది."

"అది మనది కాదు. కంపెనీది. ఉజ్జోగం మానేత్తే తీసుకెలిపోతారు."

"ఎందుకు మానేత్తావ్" అన్నాడు.

అరవై ఏళ్ళు వచ్చేదాకా గోదాము గోడ చూస్తూ కూర్చుంటానని ఆయన ఎంత సునాయాసంగా తేల్చేశాడో. కాగితం రెండో పేజీలో, కుటుంబంలో ఇంకెవరు కారు నడుపుతారో రాయడానికి ఒక వరుస ఉంది. రాత్రి అన్నాల వేళకు ఆయన తన లైసెన్సు జిరాక్సు, రెండు ఫొటోలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఫొటోలో కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆ ఫొటో ఆ సాయంత్రమే దిగాడు.

పొద్దున్న నన్ను ఆఫీసు దగ్గర దింపడం, పగలంతా కారు తన దగ్గర ఉంచుకోవడం, సాయంత్రం వచ్చి ఎక్కించుకోవడం అని ఏర్పాటు. దారి పొడుగునా ఏ లేఅవుట్‌లో గజం ఎంత పలుకుతోందో వింటూ వెళ్తానన్నమాట. మా నాన్నను అడిగాను. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి వచ్చి స్నానం చేసి కూర్చున్నారు. "నీ ఇట్టం అమ్మా" అన్నారు. నా ఇష్టం ఏమిటని ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగితే ఎవరి వైపో నిలబడాల్సి వస్తుంది.

కార్లు సరఫరా చేసే ఏజెన్సీ వాళ్ళకు బావే ఫోన్ చేశాడు. నడిపి చూసుకోవడానికి రెండు రోజులు ఒక శాంపిల్ కారు ఇస్తారట. గడువు సోమవారంతో తీరుతుంది. శనివారం పొద్దున్నే తెల్ల కారు ఒకటి వచ్చింది. దాన్ని దింపిన మనిషి, సోమవారం ఉదయం వచ్చి కారునూ కాగితాన్నీ కలిపి తీసుకెళ్తానని చెప్పి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేలోపే బావ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"అత్తా, రెడీ అవ్వండి. గుడికెల్లొచ్చేద్దాం."

మా ఊళ్ళో సైకిలు కొన్నా లారీ కొన్నా ముందు వెళ్ళేది సిటీలో ఉన్న ఒక చిన్న వినాయకుడి గుడికి. గుడి ఎంత చిన్నదో దాని ముందు రోడ్డు మీద బండ్ల వరుస అంత పొడుగు. ఏ బండీ అక్కడ కొబ్బరికాయ కొట్టించుకోకుండా రెండో వీధికి వెళ్ళదు. నాకు ఆ ఆచారంతో గొడవ లేదు.

"బావా, ఇది శాంపిల్ బండి" అన్నాను. "సోమారం తీసుకెలిపోతారు."

"శాంపిలైతే రోడ్డు మీద ఎల్దా? ఏక్సిడెంట్లు సూసుకుని అవుతాయేటి, ఇది శాంపిలని?"

మా అమ్మ పట్టుచీర కట్టుకుని అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. కూర్చున్న మనిషిని దింపడం నా వల్ల కాదు.

పంతులుగారు బానెట్ మీద పసుపు రాసి కుంకుమతో స్వస్తిక్ వేశారు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బండి ఎవరి పేరు మీద అని అడిగారు. బావ నా పేరు, మా గోత్రం చెప్పాడు. నిజానికి చెప్పాల్సింది ఏజెన్సీ గోత్రం. అది మాలో ఎవరికీ తెలియదు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి నిమ్మకాయల మీదుగా ముందుకు పోనివ్వమన్నారు. పోనిచ్చాను. మా అక్క వీడియో తీసింది. అందులో నేను అప్పుడే నిద్రలేపిన మనిషిలా ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బావ ఒక స్టిక్కర్ల షాపు ముందు ఆపాడు. ఐదు నిమిషాల్లో వెనకద్దం మీద ఎర్రటి అక్షరాలు వెలిశాయి: అమ్మానాన్నల దీవెన. ఏజెన్సీ బండి మీద. రెండు రోజుల బండి మీద. మా అమ్మ దిగి వెనక్కి వెళ్ళి ఆ అక్షరాలను కూడబలుక్కుని చదువుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ క్షణంలో మా బావను ఎంత చులకనగా చూడాలో అంత చులకనగా చూశాను. అమ్మను మాత్రం చూడలేక అవతలి షాపు బోర్డు చదివాను.

ఆదివారం తెల్లవారుజామునే బావ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి వేలంలో ఒక పెద్ద వంజరం చేప పాడుకుని, ఐసుతో సహా డిక్కీలో వేసుకుని వచ్చాడు. నడిపి చూసుకోవడం అంటే ఆయనకు అర్థమైంది అది. తర్వాత సాయంత్రం దాకా మూడు కుటుంబాలకు ప్లాట్లు చూపించాడు. భార్యనూ భర్తనూ ఒకే ట్రిప్పులో. వాటిలో ఒకటి అడ్వాన్సు దాకా వచ్చిందని చెప్పి, ఈ కారు కలిసొచ్చిందన్నాడు. మా వీధివాళ్ళు వచ్చి సీట్ల మీద చేత్తో నిమిరి చూసి వెళ్ళారు. ఎదురింటావిడ లోపల కూర్చుని ఏసీ వేయించుకుంది. కిటికీ దించి మా అమ్మతో మాట్లాడింది, తన ఇంటి ముందు, తన గుమ్మానికి నాలుగడుగుల దూరంలో.

అందరూ వెళ్ళాక వంటింట్లో అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, నాను డబ్బులే తీసుకుంటాను" అన్నాను.

చేప ముక్కలకు కారం పట్టిస్తున్న చెయ్యి ఆగింది. "ఏటే అలాగంతావ్? పూజ సేయించీసిన బండి. ఎనక్కంపితే ఇంటికి మంచిదేటి?"

"అది మన బండి కాదు కదా."

"నీ పేరు మీద సేయించాం కదా. ఆ దోసం ఎవులికి తగల్తాది?"

అక్కడితో ఆగిపోయాను. కారు గురించి, కంపెనీ గురించి, బావ గురించి ఎంతైనా వాదించొచ్చు. నాకేదో అవుతుందని భయపడుతున్న మనిషితో ఏం వాదిస్తాం. నాలుగు నిమ్మకాయల ఖర్చుతో బావ నన్ను ఎటూ కదలకుండా కట్టేశాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు కూడా. తెలిసి చేసి ఉంటే కాస్త గౌరవించేదాన్ని.

సోమవారం ఏడున్నరకు ఏజెన్సీ మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. భుజానికి ఒక సంచి. కారు ముందు స్వస్తిక్ చూశాడు. డిక్కీ తెరిచి, చేపల వాసనకు మొహం పక్కకు తిప్పుకుని, మళ్ళీ మూసేశాడు. వెనక్కి వెళ్ళి స్టిక్కరు చూశాడు. సంచిలోంచి ఒక బ్లేడు, నీళ్ళ సీసా తీసి, వెనకద్దం దగ్గర వంగి ఆ ఎర్రటి అక్షరాలను ఒక చివర నుంచి గీకడం మొదలుపెట్టాడు.

బావ, అమ్మ, నేను గుమ్మంలో నిలబడి ఉన్నాం.

"సారీ అండీ" అన్నాను.

"దేనికి మేడం" అన్నాడు తల తిప్పకుండా. "అందరూ సేత్తారు. ఈ బండికిది ఆరో పూజ."

మా అమ్మ ఒక మెట్టు దిగింది. "ఆరోదా?"

"ఆరోదమ్మా. మొన్న గాజువాకోల్లయితే గుమ్మడికాయ బంపరు మీదే కొట్టారు. ఆ సొట్ట అదే."

"మరి ఆల్లంతా ఎనక్కిచ్చీసారా?"

"ఇవ్వకేటి సేత్తారు? శాంపిల్ బండి కదా."

"ఏటీ అవ్వలేదా ఆల్లకి?"

అతను బ్లేడు ఆపి ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషిలా లేడు. "ఏటవుద్దమ్మా. ఇద్దరు ఇలాంటి బండే తీసుకున్నారు. ఒకాయన నల్ల రంగు కావాలన్నాడు. మిగతావోల్లు డబ్బులు సాలన్నారు. బాగానే ఉన్నారంతా. ఒకాయన మొన్న పెళ్ళికి కూడా పిలిసేడు."

మా అమ్మ ముఖంలో భయం సడలడం నేను చూశాను. దాని స్థానంలో ఇంకో రకం బాధ వచ్చింది. మన బండి అనుకున్న దానికి మనకంటే ముందు ఐదు ఇళ్ళవాళ్ళు హారతిచ్చారని. బావ మాత్రం అక్షరాలు రాలుతున్న అద్దం వైపు చూస్తూ, "కొత్త బండికి ఇంకా పెద్దది ఏయిద్దాంలే" అన్నాడు.

ఏజెన్సీ మనిషి చేతులు తుడుచుకుని, "కాగితం మేడం" అన్నాడు.

కాగితం బావ జేబులో ఉంది. లైసెన్సు జిరాక్సు, ఫొటోలు పిన్ను కొట్టి సిద్ధంగా ఉంచాడు. టిక్, సంతకం మాత్రం నావి. దాన్ని బానెట్ మీద పరిచి, తనే పెన్ను మూత తీసి ఇచ్చాడు. నేను ఇప్పుడు ఏం చేసినా, చేయకపోయినా అది జవాబే అవుతుంది. రెండో గడిలో టిక్ పెట్టాను. సంతకం చేశాను.

ఏజెన్సీ మనిషి కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, "క్యాషా మేడం" అన్నాడు.

"అబ్బే, ఆ గడిలో ఎట్టీసింది" అన్నాడు బావ. "కంగారు. కొట్టీసి పైదాన్లో ఎట్టు."

"కంగారు కాదు బావా. సూసే ఎట్టాను."

"అయితే ఏటిప్పుడు? ఫ్రీ బస్సులో ఎల్తావా? ఆల్ల దగ్గర కారు డబ్బులు తీసుకుని?"

"ఎల్తాను."

"ఎందుకే?"

ఇక దాటవేయడానికి దారి లేదు. డైరీలో అన్ని రకాలుగా రాసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "బస్సులో పుస్తకాలు సదువుకుంటాను" అన్నాను.

బావ ముఖం మారింది. నేను అనుకోనట్టుగా కోపం తగ్గింది. గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరికీ తెలియని మంచి వార్త విన్నట్టు, "ఏ పరిచ్చకి?" అన్నాడు.

అవునన్నట్టు ఊరుకుంటే చాలు. గ్రూప్ వన్ అనో, బ్యాంకు అనో ఆయనే పూరించుకునేవాడు. వీధంతా చెప్పుకునేవాడు. కారు కంటే పెద్ద గౌరవమే దక్కేది. ఆ గౌరవం మీద ఉన్న అసహ్యం వల్లే అనుకుంటాను, నాకు మాట వచ్చింది.

"ఏ పరిచ్చకీ కాదు. ఊరికినే."

బావ నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టాడు. ఉద్యోగం చేస్తున్న పిల్ల, కాస్త మాటకారి కాదుగానీ తెలివైనదని అప్పటిదాకా అనుకున్నట్టున్నాడు. ఏజెన్సీ మనిషి కాగితం సంచిలో పెట్టుకుని, జిరాక్సు, ఫొటోలు పిన్ను తీసి మర్యాదగా బావ చేతికి ఇచ్చి, డిక్కీలో వాసన పోవడానికి కిటికీలన్నీ దించుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నెల రోజులు బావ నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉండగానే "మీ చిన్నమ్మాయికి సెప్పండి అత్తా" అనేవాడు. వీధిలో మా అమ్మ, ఆ కంపెనీలో కార్లు అయిపోయాయట అని చెప్పింది. ఆఫీసులో సీనియర్ మేనేజరు నాకు డబ్బుకు కక్కుర్తి అని తేల్చి, మరుసటి భోజనానికి మళ్ళీ డిక్కీ దగ్గరికి వెళ్ళిపోయాడు. వీళ్ళలో ఎవరి మీదా నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ, నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. కరెంటు పోయి టీవీ ఆగిపోయింది.

"ఏటుంటాదే ఆ పుస్తకాల్లో" అంది.

కోపంగా కాదు. తెలుసుకుందామనే. ఇన్నాళ్ళూ వీళ్ళకేం తెలుసు అని అనుకున్నదాన్ని. తీరా అడిగితే నా దగ్గర ఏముంది? "కతలమ్మా" అన్నాను.

"కతలకి కారొగ్గీసావా" అంది. ఇంకో కాయ తీసుకుని, "సరే, ఒకటి సెప్పు."

ఆ వారం చదువుతున్నది చెప్పాను. ఒక ముసలావిడ తన ఇల్లు అమ్ముతానని పేపర్లో ప్రకటన ఇస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళను గది గదికీ తిప్పి, గోడల్లో చెమ్మ, తలుపుల్లో చెదలు, అన్ని లోపాలూ తనే చూపించి పంపించేస్తుంది. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, వెళ్తారు. చాలా అధ్వానంగా చెప్పాను. నిదానంగా సాగే చోట్ల తొందరపడ్డాను, ముఖ్యమైన మనిషిని మర్చిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళాను. పుస్తకంలో అంత గొప్పగా ఉన్నది నా నోట్లో పడి ఎదురింటివాళ్ళ కబురులా అయిపోయింది.

అమ్మ మాత్రం కాయలు ఒలవడం ఆపి వింది.

"అమ్మడం ఇట్టం లేనప్పుడు ఆ మాటే మొదట సెప్పొచ్చు కదే" అంది. "వొచ్చినోల్లందర్నీ అలాగ తిప్పడం దేనికి?"

నేను చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తిచేశాను.

"తరవాతేటయింది" అంది.

"తెలీదమ్మా. సగమే అయింది."

"అయినంతవరకు సెప్పు మరి" అని, నా ముందున్న కాయలు కొన్ని తన వైపు జరుపుకుంది.